కార్క్‌స్క్రూ సైప్రస్ చిత్తడి అడవి: ఏ కాలంలో వెళ్లాలి, ఎక్కడ బస చేయాలి

అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాలో సైప్రస్ చెట్ల చిత్తడి అడవిని నడిచి చూడగల చోట్లు కొన్ని ఉన్నప్పటికీ, ఒక్కదానికే వ్యవధి ఉన్నవారికి నేను నేపుల్స్ సమీపంలోని కార్క్‌స్క్రూ స్వాంప్ శాంక్చువరీనే సూచిస్తాను. 1954లో కలప కంపెనీల గొడ్డలికి ఎర కాకుండా పక్షుల సంరక్షణకు పనిచేసే ఆడుబన్ సంస్థ కాపాడుకున్న ఈ అడవిలో, ఐదు వందల ఏళ్లు పైబడిన బాల్డ్ సైప్రస్ వృక్షాలు నేటికీ నిలిచి ఉన్నాయి. సుమారు 2.25 మైళ్ల చెక్కబాట పైన్ చెట్ల మధ్య మొదలై, తడి గడ్డిమైదానం దాటి సైప్రస్‌ల నీడలోకి సాగుతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవారూ దీని మీద వెళ్లవచ్చు.

చలికాలంలో వెళ్లినవారికి ఈ చెట్లు మోడుల్లా కనిపించి నిరాశ కలిగించవచ్చు గానీ, పక్షులను చూడటానికి అదే సరైన అదను. వానలు వెనకబట్టి నీరు తగ్గేకొద్దీ చేపలన్నీ మిగిలిన మడుగుల్లో కిక్కిరిసిపోతాయి, వాటి కోసం కొంగలూ మొసళ్లూ అక్కడికే చేరతాయి. అంతరతామర పరుచుకున్న లెటస్ లేక్ దగ్గర తీరిగ్గా నిలబడటం మంచిది. అక్కడ లింప్‌కిన్ అనే గోధుమరంగు పక్షి ఒకటి నీటిలోంచి పెద్ద నత్తను పైకి తీసి, గుల్లను ఒక పక్కకు ఒరిగించి, ముక్కు కొన లోపలికి దూర్చి, గుల్ల పగలకుండానే మాంసాన్ని లాగేయడం నేను అతి దగ్గరగా చూశాను. ఇక్కడ గూళ్లు కట్టుకునే వుడ్ స్టార్క్, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో మనం చూసే ఎర్రకాళ్ల కొంగ ఒకే ప్రజాతికి చెందినవి. తెరిచిన ముక్కును నీటిలో ముంచి ఉంచి, చేప తగిలిన మరుక్షణంలో మూసేసే వేట పద్ధతి రెండింటిదీ ఒకటే.

మొక్కల మీద ఆసక్తి ఉన్నవారు మాత్రం వేసవిలోనే వెళ్లాలి. 2007లో ఒక సైప్రస్ చెట్టుపై కనుగొన్న ఘోస్ట్ ఆర్కిడ్ అనే తెల్లపూల మొక్క సాధారణంగా జూన్, ఆగస్టు మధ్య పూస్తుంది. అది చాలా ఎత్తున ఉండటం వల్ల బైనాక్యులర్ లేకపోతే తెల్లని మచ్చగానే మిగులుతుంది. ఆ నెలల్లో ఉక్క, దోమలు, మధ్యాహ్నపు ఉరుముల వానలు తప్పవు.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కుని, గేటు తెరిచే వేళకే చేరుకోవాలి. బాట వెంట అక్కడక్కడా ఉండే స్వచ్ఛంద సేవకులను పలకరించడం మరవకూడదు; ఆకుల్లో కలిసిపోయిన గుడ్లగూబను చూపించింది వారే. బసకు చలికాలపు నేపుల్స్ హోటళ్లు బాగా ఖరీదు కనుక, బోనిటా స్ప్రింగ్స్, ఎస్టెరో వైపు వెతకడం మేలు. పసిపిల్లలతో వెళ్లేవారికి ఫోర్ట్ మయర్స్‌లోని సిక్స్ మైల్ సైప్రస్ స్లూ అనే చిత్తడి అడవి చాలు. బాట చిన్నది, ఖర్చు పార్కింగ్ రుసుమే. వెనక పెద్ద ఫ్యాన్‌తో నడుస్తూ చెవులు గింగురుమనిపించే ఎయిర్‌బోట్ షికార్లను మాత్రం నేను ఎవరికీ సూచించను.