సంక్రాంతికా, ఉగాదికా? చెన్నైలో ఇంటికి రంగులు వేయించాలంటే ఏది మేలు

చెన్నైలో స్థిరపడ్డ తెలుగిళ్లలో రంగులంటే సంక్రాంతి ముందే. భోగిమంటలోకి పాత సామాను పోతుంది, గోడల మీదికి కొత్త రంగు వస్తుంది. ఇక్కడివాళ్లకూ అదే పండుగ, పొంగల్. అందువల్ల డిసెంబరు మధ్య నుంచి ఊరంతా ఒకేసారి పెయింటర్ల కోసం వెతుకుతుంది. దొరికినవాళ్లు రెండు మూడు ఇళ్లు ఒప్పుకుని పరుగు మీద చేస్తారు. ఆనవాయితీని కాదనడం నాకూ కష్టమే. అయినా విల్లివాక్కంలోనో సాలిగ్రామంలోనో సొంత ఇల్లున్న బంధువులు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ఈ ఊళ్లో రంగులకు ఉగాది మేలు.

కారణం వాన. హైదరాబాదు లాంటి చోట్ల ముఖ్యమైన వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడతాయి. సంక్రాంతి వచ్చేసరికి గోడలు ఆరడానికి మూడు నెలలు దొరుకుతాయి. అక్కడ ఆ ఆనవాయితీ చక్కగా కుదురుతుంది. చెన్నై లెక్క వేరు. ఏడాదికి పడే సుమారు 1,400 మిల్లీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. 2015 డిసెంబరు వరదలు ఎవరికి గుర్తులేవు? 2023లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను కూడా అంతకుముందు చెన్నైని ముంచింది డిసెంబరు మొదటి వారంలోనే. అంటే సంక్రాంతికి రంగు వేయిస్తున్నామంటే నీళ్లు తాగి ఇంకా ఆరని గోడకు వేయిస్తున్నామన్నమాట.

గోడ పైకి పొడిగా కనిపించినా ప్లాస్టరింగ్ లోపల, ఇటుకల్లో తేమ ఉండిపోతుంది. ఎండ తగిలేకొద్దీ ఆ తేమ బయటికి రావాలని చూస్తుంది. వస్తూ వస్తూ ఇటుకలోని, ఇసుకలోని లవణాలను కరిగించుకుని వస్తుంది. పైన ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే ప్లాస్టిక్ రంగు) పొర అడ్డంగా ఉంటే నీరు దాని వెనకే ఆగుతుంది. లవణం అక్కడే గడ్డకట్టి పొరను నెట్టేస్తుంది. మార్చిలో మనం చూసే పొక్కులు, పెచ్చులు, చేత్తో రుద్దితే రాలే తెల్లపొడి అన్నీ దాని ఫలితమే. చాలామంది పెయింటు నాసిరకం అనుకుంటారు. పెయింటు మంచిదే, వేసిన నెల మంచిది కాదు. పైగా ధనుర్మాసంలో పొద్దున తొమ్మిదింటి దాకా బయటి గోడల మీద మంచు తడి ఉంటుంది. పండుగ తొందరలో మేస్త్రీ ఏడున్నరకే రోలర్ పట్టుకుంటాడు.

ఫిబ్రవరి, మార్చి నెలలు చెన్నైలో అన్నిటికంటే పొడి నెలలు. పండుగ రద్దీ తగ్గి పనివాళ్లు దొరుకుతారు, నిదానంగా చేస్తారు. ఉగాదికి ఇల్లు సిద్ధమవుతుంది. అది దాటి మేలోకి వెళ్తే మళ్లీ ఇబ్బందే. కర్తరి ఎండల్లో పడమటి గోడ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. రంగు సమంగా పరుచుకునే లోపే ఆరిపోయి రోలర్ చారలు మిగులుతాయి. కర్తరిలో ఇంటి పని మొదలుపెట్టకూడదని పెద్దలు పంచాంగం చూసి అంటారు. రంగుల విషయంలో నేను ఆ మాటను గట్టిగా పాటిస్తాను. ఆ నెలలో తప్పనిసరైతే ఎండ ఏ గోడ మీద లేదో ఆ గోడకు పని నడిపించాలి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు గాలి చొరబడకుండా అంటించి ఒక రోజు ఉంచండి. తీసి చూస్తే లోపలి వైపు నీటి చెమట పట్టి ఉంటే ఆ గోడ ఇంకా సిద్ధం కాలేదు. పొడిగా ఉంటే మొదలుపెట్టొచ్చు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడకైతే కనీసం 28 రోజుల క్యూరింగ్ (తడిపి గట్టిపడనివ్వడం), ఆపైన ఆరడానికి సమయం ఇవ్వాలి.

అలాగని వానాకాలాన్ని వదిలేయకండి. గోడ తన లోపాలు తనే చూపించే కాలం అది. నవంబరులో గట్టి వాన పడుతుండగా ఇల్లంతా తిరిగి ఎక్కడ చెమ్మ దిగుతోందో పెన్సిల్‌తో గీత గీసి, ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. ఫిబ్రవరిలో అదే చోట గోడ అమాయకంగా కనిపిస్తుంది, మేస్త్రీకి చూపించడానికి ఏమీ ఉండదు.

డబ్బు ఒకదానికే ఉంటే: లోపలా, బయటా?

చాలామంది లోపల వేయిస్తారు. చూసేది మనం, వచ్చే చుట్టాలు. నా సలహా బయటే, అంతకంటే ముందు డాబా. లోపలి రంగు వెలిసినా ఇంటికేమీ కాదు, దుమ్ము దులిపి ఇంకో రెండేళ్లు ఉండొచ్చు. బయటి నెర్రె ఒక్క వానాకాలం కూడా ఆగదు. పడగ్గదిలో ఎంత ఖరీదైన పెయింటు వేసినా పిట్టగోడ అడుగున బీట ఉంటే మొదటి తుఫానుకే ఆ గది పైకప్పు మూల నల్లబడుతుంది.

డాబా మీద చూడాల్సింది వాలు, వాననీటి గొట్టం నోళ్లు, పిట్టగోడ డాబాను కలిసే మూల, పలకల మధ్య సందులు. వాన వెలిసిన మర్నాడు కూడా నీళ్లు నిలిచే చోటుంటే వాలు సరిచేయించకుండా పైన వాటర్‌ప్రూఫింగ్ పూయించడం డబ్బు నీళ్లలో పోయడమే. ఆ పని అయ్యాక ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్‌రూఫ్ పూత వేయిస్తే పై అంతస్తు గదుల్లో వేడి తగ్గుతుంది. చెన్నై ఎండలకు అది దండగ ఖర్చు కాదు.

తిరువాన్మియూర్, బీసెంట్ నగర్, రాయపురం, తిరువొత్తియూర్ లాంటి సముద్రం పక్క పేటల్లో ఇంకో బెడద ఉంది. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. సన్‌షేడ్ అడుగున, బాల్కనీ అంచున చువ్వ వెంబడే బారుగా పడే చీలిక దాని గుర్తు. దానికి పుట్టీ పూసి రంగు వేస్తే రెండేళ్లలో పెచ్చు ఊడి ఎవరి నెత్తినో పడుతుంది. వదులైన కాంక్రీటును కొట్టేసి, చువ్వను తోమి, తుప్పు ఆపే పూత పూసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో కట్టాలి. రంగు ఆ తర్వాతి మాట.

బయటికి ఏ రకం?

మూడు దారులున్నాయి. మొదటిది సిమెంట్ పెయింట్, స్నోసెమ్ అని అందరూ పిలిచేది. అన్నిటికంటే చవక. పొడిని నీళ్లలో కలిపి రెండు మూడు గంటల్లో వాడేయాలి, ముందు గోడ తడపాలి, వేశాక మళ్లీ నీళ్లు చల్లాలి. ఆ తడపడం ఎవరూ సరిగా చేయరు. అందుకే చేతికి పొడి అంటుతుంది. సరిగా చేసినా రెండు మూడేళ్లకు వెలుస్తుంది. ఇల్లంతటికీ నేను దాన్ని ఒప్పుకోను. కాంపౌండు గోడకు మాత్రం అదే సరైనదంటాను. నేల నుంచి ఎప్పుడూ చెమ్మ పీల్చే గోడ అది, లోపలి తడిని బయటికి పోనిచ్చే పూతే దానికి నప్పుతుంది.

రెండోది అక్రిలిక్ ఎక్స్‌టీరియర్ ఎమల్షన్. ఏషియన్ పెయింట్స్, బర్జర్, నెరోలాక్, నిప్పాన్ ఏ కంపెనీదైనా మూడు నాలుగు మెట్లలో దొరుకుతుంది. మధ్య మెట్టు తీసుకుని కింద ప్రైమర్ (రంగు పట్టేలా ముందు వేసే పూత), పైన రెండు నిండైన కోట్లు వేయించడం, పై మెట్టు తీసుకుని నీళ్లు ఎక్కువ కలిపి వేయించడం కంటే ఎన్నో రెట్లు మేలు. ఎంత నీరు కలపాలో డబ్బా మీదే ఉంటుంది. కొలిచే మగ్గు మీరే ఇవ్వండి.

మూడోది సాగే గుణం ఉన్న ఎలాస్టోమెరిక్ పూత. మందంగా పడుతుంది, వెంట్రుకవాసి నెర్రెలను కప్పుతుంది, వాన కొట్టే తూర్పు, ఉత్తర గోడలకు బాగా పనికొస్తుంది. కానీ అది గోడ పూర్తిగా ఆరితేనే. లోపల తడి ఉన్న గోడకు వేస్తే పొక్కులు అరచేయంత లేస్తాయి. సంక్రాంతి, ఉగాదుల తేడా అన్నిటికంటే ఎక్కువ తెలిసేది ఈ పూత దగ్గరే.

సొంత ఇంటికి నేను కోరుకునేది ఇది: వాన తగిలే గోడలకు మూడోది, మిగతా వాటికి రెండోది, కాంపౌండుకు మొదటిది. డబ్బా మీది ఏడేళ్ల, పదేళ్ల వారంటీలను చూసి మురిసిపోవద్దు. ఆ షరతుల్లో కంపెనీ చెప్పిన ప్రైమర్, కంపెనీ చెప్పిన పద్ధతి ఉండాలని ఉంటుంది. నేల నుంచి ఎక్కే చెమ్మ, గోడ బీటలు సాధారణంగా వాటిలోకి రావు. ఇక రంగు ఛాయ మాటకొస్తే, పడమటి గోడకు ముదురు రంగు వద్దు. వేడిని పీల్చుకుంటుంది, త్వరగా వెలుస్తుంది.

లోపల

ఇక్కడ ఖర్చు తగ్గించుకోవచ్చు. పైకప్పుకు చవకైన తెల్ల ఎమల్షన్ చాలు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. సుద్దపొడితో చేసే డిస్టెంపర్, ఎమల్షన్ కంటే చవకే కానీ తడి గుడ్డతో తుడిస్తే రంగు వస్తుంది. తర్వాతిసారి దాన్ని పూర్తిగా గీకకుండా పైన ఏదీ నిలబడదు, ఆ గీకే కూలీతో ఇప్పుడు మిగిల్చింది పోతుంది. అద్దెకిచ్చే వాటాకు సరే, మనం ఉండే చోటుకు వద్దు. హాలుకు, పిల్లల గదికి కడగదగిన ఎమల్షన్ వేయించండి. మెరుపు ఎక్కువున్నదైతే గోడ ఎగుడుదిగుళ్లు దీపం వెలుతురులో అన్నీ కనిపిస్తాయి, మాట్ రకం వాటిని దాచుతుంది.

పాత జార్జిటౌన్ ఇళ్ల లాంటి సున్నపు గోడలున్నవాళ్లకు మాత్రం నా మాట వేరే. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని నెమ్మదిగా రాయిలా గట్టిపడుతుంది, తడిని పీలుస్తూ వదులుతూ ఉంటుంది. ఆ గోడ మీద సిమెంటు, పుట్టీ, ఎమల్షన్ ఒకదానిపై ఒకటి వేస్తే ఊపిరి ఆగి పునాది నుంచి ఎక్కిన చెమ్మ రెండు మూడు అడుగుల ఎత్తుకు చేరుతుంది. వెల్ల వేయించడమే ఆ ఇంటికి మర్యాద. ప్రతి రెండేళ్లకూ చేయించాల్సి వచ్చినా సరే.

పాత తలుపులు, గ్రిల్లుల విషయంలో ఒక జాగ్రత్త. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకు, ఇనుముకు వేసిన ఎనామెల్ (నూనె రంగు)లో ఎక్కువే ఉండొచ్చు. దాన్ని పొడిగా ఎమిరీ పేపరుతో రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. తడిపి రుద్దించండి, ఆ రోజుల్లో పసిపిల్లలను, గర్భిణులను అమ్మమ్మ ఇంటికి పంపండి.

మెటీరియల్‌తో కాంట్రాక్టా, కూలీ మాత్రమేనా?

అంతా కాంట్రాక్టరుకు వదిలేస్తే మనకు తిరుగుడు తప్పుతుంది. కానీ కనిపించని పని, అంటే ప్రైమర్, పాత రంగు గీకడం, నెర్రెలు నింపడం, మొదట ఎగిరిపోయేది అందులోనే. ‘పాత రంగు గట్టిగానే ఉంది సార్, ప్రైమర్ అక్కర్లేదు’ అనే మాట వినని ఇల్లు ఉండదు. ఉద్యోగాలతో ఊపిరాడని దంపతులకు కంపెనీల పెయింటింగ్ సర్వీసు నయం, రాతపూర్వకంగా లెక్క ఇస్తారు. ఇంట్లో రిటైరైన నాన్నగారో, చూసుకునే వదినగారో ఉంటే చదరపు అడుగుకు కూలీ మాట్లాడుకుని మెటీరియల్ మనమే కొనడం మేలు. లోపలి గోడలు, పైకప్పు కలిపి విస్తీర్ణం కార్పెట్ ఏరియాకు మూడు మూడున్నర రెట్లు ఉంటుందని వాడుకలో లెక్క. డబ్బా చెప్పే కవరేజీతో దాన్ని భాగిస్తే ఎన్ని లీటర్లు కావాలో దాదాపుగా తేలుతుంది. సీలు మన ఎదుటే తీయించాలి, ఖాళీ డబ్బాలు పని అయ్యేదాకా ఇంట్లోనే ఉంచాలి.

ఒప్పందంలో ఇంకో మాట రాయించండి: రెండంతస్తులు దాటిన చోట సారవ కడతారా, తాడు మీద దిగుతారా, బెల్టులు ఎవరు తెస్తారు. బెల్టు లేని మనిషిని గోడకు వేలాడనివ్వకండి. దానికోసం పని రెండు రోజులు ఆగినా, బేరం కొంత పెరిగినా ఒప్పుకోండి.

పని అయ్యాక మిగిలిన రంగును మూత బిగుతుగా ఉండే చిన్న డబ్బాలోకి వంచి, పైన షేడ్ నంబరు, ఏ గదిదో, ఏ నెలలో వేశారో రాసి నీడపట్టున ఉంచండి. సెప్టెంబరులో డాబా గొట్టాల నోళ్లు శుభ్రం చేయించేటప్పుడు బయటి గోడలను కూడా ఒకసారి చూసి, కొత్త నెర్రె కనిపిస్తే ఆ డబ్బా తెరిచి అక్టోబరు వాన రాకముందే మూయించేయండి.