సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్: పీడీఎఫ్ చాలా, కాగితమే కావాలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ పిల్లలు అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు పెట్టేటప్పుడు ఈ చిక్కు తప్పకుండా వస్తుంది. పాత పంచాయతీ బర్త్ సర్టిఫికెట్టు తెలుగులో ఉంటుంది, దానికి సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్, అంటే సరిగ్గా ఉందని అనువాదకులు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం కావాలి. మెయిల్లో వచ్చే పీడీఎఫ్ సరిపోతుందా, సంతకం, సీలు ఉన్న కాగితం చేతికి రావాలా? ధర చూసి తేల్చుకునే విషయం కాదిది. దరఖాస్తు ఏ దేశానికి, ఏ పద్ధతిలో వెళ్తుందో ముందు చూడాలి.

అమెరికా సంగతి తేలిక. అక్కడి ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ అడిగేది పూర్తి అనువాదం, దాని కింద అనువాదకుల ధ్రువీకరణ: ఇది సంపూర్ణంగా, సరిగ్గా ఉందని, ఆ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తమకు ఉందని. నోటరీ అక్కర్లేదు. అందుకే అమెరికాకైతే నేను పీడీఎఫ్‌కే ఓటు వేస్తాను. ఎర్ర సీలు ఉంటేనే విలువ అనుకుని కోర్టు దగ్గర నోటరీకి డబ్బు కట్టే పెద్దవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

పీడీఎఫ్‌తో ఇంకో మేలుంది. మన వైపు ఇంటికో పెంచలయ్య, పెంచలమ్మ ఉంటారు. ఆ పేరు చివర ఇంగ్లీషులో ఒకరు ఒకలా రాస్తారు, ఇంకొకరు ఇంకోలా. పాస్‌పోర్టులో ఒకటి, అనువాదంలో ఒకటి పడితే వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది. డ్రాఫ్టు ఫోనుకే వస్తుంది కాబట్టి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి, సంతకానికి ముందే దిద్దించుకోవచ్చు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు పేరు కూడా అలాగే చూడండి. కాగితం తయారయ్యాక తప్పు కనబడితే మళ్లీ ప్రింటు, మళ్లీ సంతకం, మళ్లీ కొరియరు.

కెనడా దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. సర్టిఫైడ్ అనువాదకులు, అంటే అనువాదకుల వృత్తి సంఘం గుర్తింపు ఉన్నవాళ్లు, కాని వాళ్లు చేస్తే అఫిడవిట్ జత చేయాలి, ఇంట్లోవాళ్లు చేసిన అనువాదాన్ని ఒప్పుకోరు. అఫిడవిట్ అంటే నోటరీ ఎదుట ప్రమాణం, కాగితం మీద సంతకం. దాన్ని స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తారు. మన నోటరీలకు 1952 నోటరీల చట్టం అనువాదాలను సరిచూసి ధ్రువీకరించే అధికారం కూడా ఇచ్చింది. ఇక్కడ నోటరీకి పెట్టే ఖర్చు దండగ కాదు.

జర్మనీకి వెళ్లేవాళ్లు కాగితమే తీసుకోండి. అక్కడ కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకుల స్టాంపు, సంతకం చూస్తారు. అపోస్టిల్, అంటే పత్రం అసలుదేనని వేరే దేశం నమ్మేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ, అడిగే దేశాలకూ అంతే. దానికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం భారత్‌కు 2005 నుంచి అమల్లో ఉంది, విదేశాంగ శాఖ స్టిక్కరును మామూలుగా కాగితం మీదే అతికిస్తారు.

చాలామంది తికమకపడేది డిజిటల్ సంతకం దగ్గర. కాగితం మీద సంతకం పెట్టి స్కాన్ చేసిన పీడీఎఫ్ వేరు, కంప్యూటర్లో డిజిటల్ సంతకం వేసిన పీడీఎఫ్ వేరు. మీసేవ సర్టిఫికెట్టు ఫైలు తెరిస్తే మూలన పచ్చ టిక్కో, పసుపు ప్రశ్నార్థకమో కనబడుతుంది చూడండి, అది రెండో రకం. 2000 నాటి ఐటీ చట్టం దానికి గుర్తింపు ఇచ్చింది. కానీ ప్రింటు తీసిన క్షణంలో ఆ సంతకం ఉత్త బొమ్మ అయిపోతుంది, అసలుదో కాదో పరీక్షించే వీలుండదు. అలాంటి ఫైలును ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేయకండి, వచ్చింది వచ్చినట్టే అప్‌లోడ్ చేయండి. కౌంటర్లో కాగితం ఇవ్వాల్సి ఉంటే ఇంకు సంతకం ఉన్న ప్రతే అడగండి.

నన్నడిగితే అనువాదం ఒప్పుకునేటప్పుడే రెండూ మాట్లాడుకోవడం మంచిది: ఇంకు సంతకంతో ఒక ప్రతి, దాని రంగు స్కాన్. తర్వాత కాగితం కావాలంటే ఆ అనువాదకులు ఊళ్లో ఉండకపోవచ్చు. తెలుగు సర్టిఫికెట్టు ముందు, వెనక పేజీలు, అనువాదం, ధ్రువీకరణ అన్నీ కలిపి ఒకే ఫైలుగా చేయించండి. వెనకున్న రిజిస్ట్రారు ముద్రను అనువదించకుండా వదిలేస్తే అది పూర్తి అనువాదం కిందికి రాదు. కాన్సులేటు ఇంటర్వ్యూకు వెళ్లే రోజున మాత్రం అమ్మానాన్నల చేతిలో తెలుగు ఒరిజినల్, అనువాదం రెండూ ఉండాలి, ఫోనులో చూపిస్తే కుదరదు.