నొప్పి ప్యాచ్ మీద పారదర్శక ఫిల్మ్ డ్రెస్సింగ్: నాలుగు నెలల వాడకం తర్వాత

మా అత్తయ్యగారికి 76 ఏళ్లు. ఎముకలు గుల్లబారి వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయింది. నొప్పి మాత్రలు కడుపుకు పడకపోవడంతో డాక్టరుగారు వారానికొకసారి మార్చే బ్యూప్రెనార్ఫిన్ (నల్లమందు జాతి నొప్పి మందు) ప్యాచ్ రాశారు. మందు బాగానే పనిచేసింది కానీ ప్యాచ్ ఒంటిమీద నిలవలేదు. విజయవాడ ఎండల్లో సోమవారం అంటించినది బుధవారానికల్లా అంచులు లేచి, శుక్రవారానికి సగం వేలాడుతూ ఉండేది. దాన్ని ఏడు రోజులూ నిలపడానికి నేను రకరకాల టేపులు, కట్లు ప్రయత్నించి, చివరకు ఫిల్మ్ డ్రెస్సింగ్ దగ్గర ఆగాను. సెలైన్ ఎక్కించేటప్పుడు సూది కదలకుండా నర్సులు దానిమీద అంటించే పల్చటి, కిందిది కనిపించే పొర ఇదే. ఈ నాలుగు నెలల్లో రెండు మూడు కంపెనీల సరుకు వాడాను కాబట్టి, నేను చెప్పేది ఆ రకం వస్తువు గురించే గాని ఒక కంపెనీ గురించి కాదు.

ముందుగా, ఊడిపోతే ఏమవుతుందన్నది చెప్పాలి. ఈ రకం ప్యాచ్‌లలో మందు విడిగా ఒక సంచిలో ఉండదు, జిగురు పొరలోనే కలిసి ఉంటుంది. చర్మాన్ని తాకిన మేరకే మందు లోపలికి వెళుతుంది గనుక, పావు భాగం లేచిందంటే ఆ పావు భాగం పనిచేయడం మానేసినట్టే. ఇందులో ఒక మోసం కూడా ఉంది. చర్మంలోకి చేరిన మందు నెమ్మదిగా తగ్గుతుంది. ప్యాచ్ తీసేశాక రక్తంలో మందు సగానికి పడడానికే 10 నుంచి 24 గంటలు పడుతుంది. అందువల్ల ప్యాచ్ రాత్రి ఊడితే పొద్దున్నే నొప్పి రాదు, ఆ మర్నాడు వస్తుంది. మేము మొదటి నెలంతా "మోతాదు చాలడం లేదేమో" అని డాక్టరుగారిని విసిగించాము. తక్కువ పడింది మోతాదు కాదని, జిగురు అని ఆలస్యంగా తెలిసింది.

ఆ తెలియడం కూడా భయం రూపంలోనే తెలిసింది. ఒక ఉదయం ప్యాచ్ అత్తయ్యగారి భుజం మీద లేదు. దిండు గలేబుకు అంటుకుని కనిపించింది. ఆ దిండు మీదే మా మూడేళ్ల బాబు ఆమె పక్కన పడుకుంటాడు. అది వాడి ఒంటికి అంటుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు. ఇదే జాతికి చెందిన, ఇంతకన్నా బలమైన ఫెంటనిల్ ప్యాచ్‌ల విషయంలో 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీ చేసింది. అంతకు ముందు 15 ఏళ్లలో పిల్లలు పొరపాటున ఆ ప్యాచ్‌ల బారిన పడిన 26 ఘటనలు పరిశీలించగా, 10 మంది పిల్లలు చనిపోయారు. ఆ 26 మందిలో 16 మంది రెండేళ్లు, అంతకు లోపువారు. మరుసటి సంవత్సరం, ఊడి పడిన ప్యాచ్ సులువుగా కంటపడేలా దాని మీద అక్షరాలు స్పష్టమైన రంగులో ముద్రించాలని ఆ సంస్థ ఆదేశించింది. ఆ రోజు నుంచి బాబు పడక మార్చాము.

ఫిల్మ్ దాకా రాకముందు వాడినవి క్లుప్తంగా చెబుతాను. కాగితపు టేపును ప్యాచ్ నాలుగు అంచులకూ పటం కట్టినట్టు వేయడం మొదటి ప్రయత్నం. ఇది చవక, చర్మానికి మెత్తన, తీసేటప్పుడు బాధ ఉండదు. బ్యూప్రెనార్ఫిన్, ఫెంటనిల్ ప్యాచ్‌ల సూచనల పత్రాల్లో సైతం అంచు లేస్తే మొదట చేయమనేది ఇదే. చలికాలంలోనైతే ఇదే సరిపోతుందని నా నమ్మకం. మే నెలలో మాత్రం స్నానం తర్వాత ఒకసారి, మధ్యాహ్నం చెమటకు ఒకసారి టేపు మార్చవలసి వచ్చేది. మార్చిన ప్రతిసారీ దానితో పాటు ప్యాచ్ అంచు కూడా కొంచెం లేచేది. గుడ్డ టేపు బాగా పట్టింది, తీసేటప్పుడు పల్చటి చర్మపు పొర కూడా దానితోనే వచ్చింది; ముసలివారి చర్మానికి దాన్ని నేను మళ్లీ తాకించను. సాగే క్రేప్ బ్యాండేజీ చుట్టడం మా ఆడపడుచు ఇచ్చిన సలహా. అది రెండు గంటల్లో జారి మోచేతి దగ్గర కంకణంలా చేరింది, పైగా లోపల ఉక్క. అలాంటి కట్లు ఈ ప్యాచ్‌ల మీద వేయరాదని తర్వాత చదివాను.

ఇక ఫిల్మ్ సంగతి. ఇది పాలియురెథేన్‌తో చేసిన పొర. బయటి నీటిని లోపలికి రానీయదు, చర్మం నుంచి వచ్చే ఆవిరిని మాత్రం కొంతమేరకు బయటికి వదులుతుంది. టేపు వేసినా అంచులు లేస్తూనే ఉంటే ఇలాంటి పొరను పైన వేసుకోవచ్చని ఆ సూచనల పత్రాలే చెబుతాయి. టెగాడెర్మ్ అనే బ్రాండు పేరును ఉదాహరణగా కూడా ఇస్తాయి. అయినా మేము డాక్టరుగారిని అడిగిన తర్వాతే వేశాము, మీరూ అడగండి.

మందుల దుకాణంలో "ట్రాన్స్‌పరెంట్ డ్రెస్సింగ్" అని అడిగితే చాలాసార్లు సూది కోసం నోరు కత్తిరించి ఉన్నది చేతిలో పెడతారు. మనకు కావలసింది నోరు లేని సాదా ముక్క. కొలత దగ్గర నేను మొదట పొరపడ్డాను. మా ప్యాచ్ దాదాపు 4.5 సెంటీమీటర్ల వెడల్పు, 6.8 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. 6×7 సెంటీమీటర్ల ఫిల్మ్ కొంటే పొడవు వైపు మిగిలేది ఒక్కో కొసన ఒక మిల్లీమీటరు. అది ఫిల్మ్ వేసినట్టే కాదు. 10×12 కొలతది వేస్తే చుట్టూ రెండున్నర సెంటీమీటర్లకు పైగా చర్మాన్ని పట్టుకుంటుంది. ఖరీదులో తేడా ఉంది నిజమే కానీ, చిన్నది రెండుసార్లు మార్చడం కన్నా పెద్దది ఒకసారి వేయడమే చవక. మూలలు నలుచదరంగా ఉన్న రకమైతే కత్తెరతో గుండ్రంగా కోసి వేయండి. జాకెట్టు చేతికి తగిలి లేచేది ఎప్పుడూ మూలే.

వేయడం మొదటి రెండుసార్లు చికాకు పెడుతుంది. వెనక కాగితం పూర్తిగా తీసేస్తే ఈ పొర తనకు తానే చుట్టుకుపోయి, వేడి పాల మీది మీగడలా ముడుచుకుంటుంది; ఇక దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు. చుట్టూ కాగితపు చట్రం ఉన్న రకం కొని, చట్రం పట్టుకుని మధ్య నుంచి అంచులకు సాగదీయకుండా పరిచి, పూర్తిగా అంటుకున్నాకే చట్రం తీయాలి. సాగదీసి వేస్తే పొర మళ్లీ ముడుచుకోవాలని చర్మాన్ని లాగుతూ ఉంటుంది. దానివల్ల దురద, చిన్న పొక్కులు వస్తాయి.

అయితే ఏడు రోజులు నిలిచిన ఘనత మొత్తం ఫిల్మ్‌కు ఇస్తే అబద్ధమవుతుంది. సగం పని దానికంటే ముందే జరగాలి. అత్తయ్యగారికి స్నానం కాగానే మెడకు, భుజాలకు పౌడరు అద్దుకునే అలవాటు. నడుము పట్టేస్తే బామ్ రాసుకుని అదే చేతిని భుజానికి తుడుచుకునే అలవాటు. శుక్రవారం తలంటికి ముందు ఒళ్లంతా నువ్వుల నూనె. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చర్మం మీద ఉన్నా ఎంత ఖరీదైన జిగురైనా పట్టదు. సబ్బు కూడా వద్దు, స్పిరిట్ కూడా వద్దు. ఆ చోటును మామూలు నీటితో మాత్రమే కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మా ఇంట్లో స్నానానికి, ప్యాచ్‌కు మధ్య పావుగంట ఫ్యాను కింద కూర్చోవడం నియమమైంది. ఒంటి వేడి తగ్గకముందే అంటిస్తే కిందే చెమట పుడుతుంది. వెంట్రుకలు ఉన్నచోట కత్తెరతో కత్తిరించాలి గాని గొరగకూడదు. గొరిగితే గీతలు పడి, అక్కడ మందు పీల్చుకోవడం మారుతుంది.

ఈ జిగురు ఒత్తిడికి పట్టే రకం. ఊరికే ఆనిస్తే పట్టదు; అరచేతితో నొక్కి పట్టుకోవాలి. బ్యూప్రెనార్ఫిన్ ప్యాచ్‌కు 15 సెకన్లు, ఫెంటనిల్ ప్యాచ్‌కు 30 సెకన్లు అని వాటి పత్రాల్లో ఉంటుంది. నేను రెండింటికీ తగినట్టు మనసులో 30 దాకా లెక్కపెట్టి, ఆపై చూపుడువేలితో అంచుల చుట్టూ ఒకసారి రాస్తాను. ఈ ఒక్క పని సరిగా చేసిన తర్వాత, ఫిల్మ్ లేకుండానే ప్యాచ్ ఒకసారి ఐదు రోజులు నిలిచింది.

చోటు ఎంపిక కూడా తక్కువ విషయం కాదు. పై చేయి బయటి వైపు, ఛాతీ పైభాగం, వీపు పైభాగం, ఛాతీ పక్క భాగం అనే నాలుగు చోట్లు, కుడి ఎడమలతో కలిపి ఎనిమిది, బ్యూప్రెనార్ఫిన్ ప్యాచ్‌కు చెప్పారు. ఒకసారి వేసిన చోట మళ్లీ 21 రోజుల వరకు వేయకూడదు. చీర కట్టే మనిషికి వీటిలో అన్నీ సమానం కావు. పై చేతి మీద జాకెట్టు అంచు రోజంతా ఒరుసుకుంటుంది. మా అనుభవంలో కాలర్‌బోన్ కింద, ఛాతీ పైభాగమే అన్నిటికన్నా మేలు: అక్కడ చర్మం తక్కువ ముడతపడుతుంది, అంచు లేస్తే అద్దంలో ఆమెకే కనిపిస్తుంది. మతిమరుపు వచ్చి ప్యాచ్ పీకేసుకునే పెద్దలున్న ఇంట్లోనైతే చేతికి అందని వీపు పైభాగమే మంచిది.

వేడి గురించి చెప్పకపోతే తప్పవుతుంది, ఎందుకంటే మన ఇళ్లలో నొప్పి అనగానే గుర్తొచ్చేది కాపడం. వేడినీళ్ల సంచి, ఇసుక మూట, కరెంటు ప్యాడ్ ఏదైనా సరే ఈ ప్యాచ్ మీదా, దాని దగ్గరా పెట్టకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువగా లోపలికి వెళుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఫెంటనిల్ ప్యాచ్ ఉన్నవారి రక్తంలో మందు సుమారు మూడో వంతు పెరగవచ్చని దాని పత్రంలో లెక్క ఉంది. కాబట్టి జ్వరం వస్తే డాక్టరుకు ఫోను చేయాలి. మనిషి మరీ మగతగా ఉండి, ఊపిరి నెమ్మదిస్తే ప్యాచ్ వెంటనే తీసేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్నానానికి మాత్రం అడ్డులేదు, నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

ఫిల్మ్‌లో లోపాలు లేవని కాదు. ఆవిరిని వదులుతుందన్న మాట నిజమే గాని, కరెంటు పోయిన మే మధ్యాహ్నం కారే చెమటకు ఆ వేగం చాలదు; పొర కింద నీటి బొట్లు చేరి, అవి దారి చేసుకుని అంచు దాకా పాకుతాయి. అలాంటప్పుడు ఫిల్మ్‌ను మాత్రం మార్చవలసి వచ్చింది, నాలుగు నెలల్లో మూడుసార్లు. రెండోది, కింద ఎర్రబడినా ప్యాచ్ చాటున కనిపించదు. మార్చే రోజే తెలుస్తుంది. మూడోది ఖర్చు. టేపు చుట్ట ఒకటి నెలలు వస్తుంది, ఇది వారానికొకటి. విడివిడి ముక్కలకు బదులు చుట్టగా వచ్చే ఫిల్మ్ కొని కత్తిరించుకుంటే చవక పడుతుంది. గాయం మీద వేయడం లేదు గనుక స్టెరైల్ కాకపోయినా పరవాలేదు. అయినా ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఒక్కటీ ఆ చెమట కోసమే.

అన్ని ప్యాచ్‌లకూ ఇదే ఉపాయం పనికిరాదని కూడా చెప్పాలి. మోకాలికో చీలమండకో వేసే డైక్లోఫెనాక్ ప్యాచ్ వంగేచోట ఊడుతుంది. దానికి ఈ ఫిల్మ్ పొర కన్నా గాలి ఆడే వలలాంటి గొట్టపు తొడుగు సరైనది. లిడోకెయిన్ ప్యాచ్ 12 గంటలు వేసి 12 గంటలు తీసేది గనుక అంచుకు కాగితపు టేపు చాలు. మెంథాల్ వాసన వచ్చే, మంట పుట్టించే ప్యాచ్‌ల మీద బిగుతుగా ఏదీ కట్టకూడదు, చర్మం కాలుతుంది. లిడోకెయిన్ ప్యాచ్‌ను వెనక కాగితం తీయకముందు కత్తిరించుకోవచ్చు; ఫెంటనిల్, బ్యూప్రెనార్ఫిన్ ప్యాచ్‌లను ఎన్నడూ కత్తిరించరాదు. పూర్తిగా ఊడిపడిన ప్యాచ్‌ను ఇంట్లోని జిగురుతో మళ్లీ అంటించే ఆలోచన కూడా వద్దు. దాన్ని పారేసి, కొత్తది వేరే చోట వేసి, రోజుల లెక్క అప్పటి నుంచి మొదలుపెట్టాలి.

తీసే రోజు పని ఓపికతో కూడినది. ఫిల్మ్‌ను పైకి గుంజితే వృద్ధుల చర్మం చిరుగుతుంది. ఒక మూల లేపి, రెండో చేత్తో చర్మాన్ని అదిమిపట్టి, పొరను చర్మానికి సమాంతరంగా పక్కకు సాగదీస్తే జిగురు దానంతటదే వదులుతుంది. వాడిన ప్యాచ్‌లో మందు ఇంకా మిగిలే ఉంటుంది గనుక జిగురు వైపులు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, ఫిల్మ్‌తో సహా పిల్లలకు, కుక్కలకు అందకుండా పారవేయాలి. నేను ఇప్పుడు ప్రతి కొత్త ఫిల్మ్ మూల మీద బాల్ పెన్నుతో తేదీ, వారం రాస్తున్నాను. అత్తయ్యగారు రోజూ ఉదయం అద్దంలో చూసుకుని, "అమ్మాయ్, ఇవాళ్టికి నాలుగో రోజు, నాలుగు మూలలూ ఉన్నాయి" అని వంటింట్లోకి వినబడేలా చెబుతారు.