ఒరంగీ మురుగుపైపుల సేవ: గల్లీ చివరి దాకా భేష్, అక్కడి నుంచే చిక్కు

కరాచీ అంచున, దళారులు ప్రభుత్వ భూమిని ముక్కలు చేసి అమ్మగా పెరిగిన ఒరంగీ బస్తీలో 1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ ఆరంభించిన ఒరంగీ పైలట్ ప్రాజెక్టును ధర్మకార్యంగా కాక ఒక సేవగానే బేరీజు వేయాలి. అది పైపులను ఉచితంగా పంచలేదు, సాంకేతిక సలహాను మాత్రమే ఉచితంగా ఇచ్చింది.

అప్పటికి అక్కడున్నవి బకెట్ మరుగుదొడ్లు, ఇంకుడు గుంతలు, వాకిళ్ళ ముందు పారే మురుగు. ఇరవై ముప్పై ఇళ్ళ గల్లీ ఒక్కమాట మీదకు వచ్చి, తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకొని అడిగితే, ప్రాజెక్టు సిబ్బంది వచ్చి కొలతలు తీసి, పటం గీసి, ఖర్చు అంచనా కట్టి, పనిముట్లు వాడుకోవడానికి ఇచ్చేవారు. చందాలు, తవ్వకం, మేస్త్రీ కూలి అన్నీ గల్లీవారి బాధ్యతే. ఆ డబ్బును ప్రాజెక్టు ముట్టుకునేది కాదు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిబంధన ఇదే.

తొలినాళ్ళలో ఇంటికి పడిన ఖర్చు సుమారు 1,000 పాకిస్తానీ రూపాయలు. ప్రభుత్వం చేయిస్తే అయ్యేదానికి ఇది ఎన్నో వంతులు తక్కువ. గుత్తేదారు లాభమూ ముడుపులూ లేకపోవడం ఒక కారణమైతే, డిజైన్‌ను సులువు చేయడం మరొకటి. మ్యాన్‌హోల్‌ను ఉన్నచోటనే కాంక్రీటుతో పోసుకునేందుకు ఉక్కు అచ్చులు ఇచ్చారు. మరుగుదొడ్డికీ గల్లీ పైపుకూ మధ్య చిన్న తొట్టి కట్టించి, గట్టి పదార్థం అందులోనే ఆగేలా చూశారు. అందువల్ల సన్నటి పైపు, తక్కువ వాలు ఉన్నా మురుగు సాఫీగా పోతుంది. అయితే మొదట్లో కొన్నిచోట్ల కాంక్రీటు నాసిగా వచ్చింది. సిమెంటు పాళ్ళు, నీళ్ళతో తడపడం చెప్పినంత మాత్రాన రావు, పక్కన నిలబడి చేయించాలి.

అసలు లోపం గల్లీ దాటాక కనిపిస్తుంది. లోపలి పని ప్రజలది, పెద్ద కాలువలూ శుద్ధి కేంద్రాలూ ప్రభుత్వానివి అన్నది ప్రాజెక్టు ఆలోచన. ప్రజలు తమ వంతు పూర్తిచేశారు. మురుగు మాత్రం సహజమైన నాలాల్లో పడి, శుద్ధి లేకుండానే సముద్రం దారి పట్టింది. నాలాలనే కప్పి ప్రధాన కాలువలుగా మార్చమని ప్రాజెక్టు వాదించింది. అందుకు ఆధారంగా ప్రాజెక్టులో పనిచేసిన ఆర్కిటెక్టు పర్వీన్ రెహ్మాన్ నాయకత్వంలో బస్తీ యువకులు గీసిన పటాలు, నా దృష్టిలో, పైపులకన్నా విలువైన పని. ఆమెను 2013 మార్చి 13న కాల్చి చంపారు.

ఇంటిపై భరోసా ఉన్నవారికి ఈ పద్ధతిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అద్దెకుండేవారే ఎక్కువైన బస్తీలో మాత్రం, నేడో రేపో ఖాళీ చేయాల్సిన ఇంటి ముందు పైపుకు చందా ఎవరిస్తారన్న ప్రశ్నకు ఈ సేవ దగ్గర జవాబు లేదు.