డీఅడిక్షన్ సెంటర్‌ను మెచ్చుకునే నిపుణులు: డిగ్రీ చూసి నమ్మడమా, రిజిస్టరు వెతకడమా, సంబంధం ఆరా తీయడమా, ఏది మేలు?

కావలిలోనో కనిగిరిలోనో ఒక ఇంట్లో కొడుకు గంజాయికో భర్త మద్యానికో బానిసైనప్పుడు, ఆ ఇంటి ఆడవాళ్ల చేతికి ఎవరో ఒకరు డీఅడిక్షన్ సెంటర్ కరపత్రం తెచ్చి ఇస్తారు. ముందు వైపు ‘పూర్తిగా మానిపిస్తాం’ అన్న హామీ ఉంటుంది; వెనుక వైపు నలుగురైదుగురు నిపుణుల ఫొటోలు, వారి డిగ్రీలు, ఆ పద్ధతి గొప్పదని వారు చెప్పిన మాటలు ఉంటాయి. చాలామంది ఆ వెనుక వైపు చూసే డబ్బు కడతారు. 1990ల మొదట్లో దూబగుంట మహిళలు సారా మీద తిరగబడిన నెల్లూరు జిల్లాలో తాగుడు ఇంటిని ఏం చేస్తుందో ఒకరు చెప్పనక్కర్లేదు. ఎలాగైనా మానితే చాలునన్న ఆ ఆత్రం వల్లే నిపుణుల అర్హతలను సరిచూసుకునే ఓపిక ఇంట్లోవాళ్లకు మిగలదు. సరిచూసుకోవడానికి మూడు దారులున్నాయి గాని, మూడింటి విలువా ఒకటి కాదు.

మొదటిది పేరు పక్కనున్న డిగ్రీని చదివి నిర్ణయించుకోవడం. ఖర్చు లేని పని. ఏ అక్షరాలకు ఏ అర్థమో తెలిసినవారికి కొంత పనికొస్తుంది కూడా. వ్యసన చికిత్స విషయంలో ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ, డీఎన్‌బీ సైకియాట్రీ, డీపీఎం వంటి మానసిక వైద్య చదువులు చదివినవారి మాటకు బరువుంటుంది. నేను చూసిన ఒక కరపత్రంలో ‘ఎండీ’ అని పెద్దగా అచ్చువేసి, దాని పక్కనే చీమ తలంత అక్షరాల్లో ‘ఏఎం’ అని వేశారు. అంటే ఆల్టర్నేటివ్ మెడిసిన్, ప్రత్యామ్నాయ వైద్యం; ఎంబీబీఎస్ తర్వాత చదివే ఎండీ కాదు. మరొకరి పేరు ముందున్న ‘డాక్టర్’ గౌరవ డాక్టరేటు వల్ల వచ్చినది. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో గుంటూరు, విశాఖపట్నం చిరునామాలు కూడా కనిపించాయి కనుక, డిగ్రీ ఇచ్చిన సంస్థ పేరు చెప్పని చోట ఆ డిగ్రీని లెక్కలోకి తీసుకోకపోవడమే క్షేమం. కాగితం మీద ఎవరైనా ఏదైనా అచ్చు వేయించుకోవచ్చు కాబట్టి, మూడు దారుల్లో ఇదే అన్నిటికంటే బలహీనమైనది.

రెండోది రిజిస్టరులో వెతకడం. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టరులో డాక్టరు పేరుతోనో, రిజిస్ట్రేషన్ నంబరుతోనో ఎవరైనా వెతకవచ్చు. తెలుగు పేర్లతో ఒక చిక్కుంది. ఒకే పేరున్నవారు ఎందరో కనిపిస్తారు, ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక ఉంటుంది, స్పెల్లింగు మారుతుంది. తండ్రి పేరు, నమోదైన సంవత్సరం, డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం పోల్చుకుంటే తప్ప ఆ మనిషే ఈ మనిషని తేలదు. అంతకంటే సులువు, సెంటర్‌వారినే నంబరు అడగడం; ప్రిస్క్రిప్షన్ మీద, రసీదు మీద డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు వేయాలన్న నియమం ఉన్నప్పుడు, ఆ ప్రశ్నకు నీళ్లు నమలవలసిన అవసరం ఎవరికీ లేదు. పీజీ డిగ్రీ రిజిస్టరులో కనిపించనంత మాత్రాన ఆ డాక్టరును దొంగ అనకూడదు, అదనపు అర్హతను నమోదు చేయించుకోకపోయి ఉండవచ్చు. ఆ సందేహాన్ని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌ను అడిగి తీర్చుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టులైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో ఉండాలి.

రిజిస్టరు దొంగ డాక్టరును పట్టిస్తుంది. కానీ నిజమైన డాక్టరు తనకు సంబంధం లేని విషయంలో చెప్పిన మాటను పట్టించలేదు. నా అనుభవంలో దొంగ డాక్టరు కంటే ఇలాంటి మాటే ఎక్కువ కనిపిస్తుంది: ఎముకల డాక్టరో, పళ్ల డాక్టరో పిలిస్తే వచ్చి, సెంటర్ చుట్టూ చూసి, బాగుందని రాసిచ్చిన నాలుగు ముక్కలే కరపత్రంలో నిపుణుడి అభిప్రాయం అవుతాయి.

అందుకే మూడో దారి కావాలి: ఆ నిపుణుడిది ఈ రంగమేనా, అతని మాటకు ఆధారం ఏమిటి, ఈ సెంటర్ నడిస్తే అతనికి ఏమైనా లాభముందా అని ఆరా తీయడం. దీనికి నార్కానాన్ అనే మత్తు మాన్పించే కార్యక్రమం కథ తెలుసుకోదగ్గది. 1966లో అమెరికాలోని అరిజోనా రాష్ట్ర జైలులో మొదలైన ఈ కార్యక్రమానికి సైంటాలజీ అనే మత సంస్థ స్థాపకుడు ఎల్. రాన్ హబ్బర్డ్ రాతలే ఆధారం. మత్తు పదార్థాల అవశేషాలు ఒంట్లోని కొవ్వులో ఏళ్లపాటు దాగి మళ్లీ కోరిక పుట్టిస్తాయని, రోజూ గంటల తరబడి సౌనా అనే వేడి గదిలో కూర్చోబెట్టి, నియాసిన్ అనే బీ3 విటమిన్ పెద్ద మోతాదులో ఇస్తే అవి చెమటతో పోతాయని వారి వాదన. దీన్ని సమర్థించినవారిలో రిజిస్టరులో పేరున్న డాక్టర్లూ ఉన్నారు, అంటే రెండో దారిలో వెతికితే వారు నెగ్గుతారు. అయితే అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్ర మానసిక ఆరోగ్య బోర్డు 1991లో పరిశీలించి అక్కడి నార్కానాన్ కేంద్రానికి ధ్రువీకరణ ఇవ్వడానికి నిరాకరించింది. ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2008లో నార్వే ఆరోగ్య సేవల విజ్ఞాన కేంద్రం తేల్చింది. 2012లో కెనడాలోని క్యుబెక్ ఆరోగ్య అధికారులు త్రువా రివియేర్‌లోని కేంద్రాన్ని మూయించారు. సమర్థించినవారికీ కాదన్నవారికీ తేడాను డిగ్రీల్లో వెతికితే దొరకదు. కాదన్నవారు ఆధారాలన్నిటినీ ముందు పెట్టుకుని చూశారు, కార్యక్రమం నడిచినా ఆగినా వారికి ఒరిగేది లేదు. నియాసిన్ మోతాదు మించితే కాలేయానికి హాని అన్నది వైద్యంలో తెలిసిన విషయమే. ఏళ్లుగా తాగినవాడి కాలేయం ఏ స్థితిలో ఉంటుందో ఆలోచిస్తే, సంబంధం లేని నిపుణుడి సంతకం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

మన దగ్గరే 2021 మే నెలలో కృష్ణపట్నం ఆనందయ్య మందు వచ్చినప్పుడు, ఆయుష్ నిపుణులు చూసిన తర్వాత కంటి చుక్కలు తప్ప మిగిలినవాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. వీటితో కోవిడ్ తగ్గుతుందనడానికి నిరూపణ లేదని, వాడితే హాని మాత్రం కనిపించలేదని చెప్పింది. హాని లేదన్న మాట ఊళ్లు దాటేసరికి నయమవుతుందన్న మాటగా మారిపోయింది. నిపుణుడు ఏ ప్రశ్నకు జవాబిచ్చాడో చూడకపోతే నిజమైన నిపుణుడి నిజమైన మాట కూడా తప్పుదారి పట్టిస్తుంది.

కాబట్టి నా మటుకు మూడో దారే మేలు, రెండోది దానికి తప్పనిసరి తొలి మెట్టు, మొదటిదాన్ని ఒంటరిగా నమ్మకూడదు. అంత ఆరా తీసే వ్యవధి లేని కుటుంబం కరపత్రం మీది నిపుణులను పక్కనపెట్టి, రాత్రిపూట సెంటర్‌లో ఉండే డాక్టరు ఎవరో అడిగి, ఆ ఒక్కరి పేరు రిజిస్టరులో వెతికితే ఎక్కువ మేలు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు; రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చెదిరి, ఒళ్లంతా వణికి, ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు కావలసింది సెలైన్ పెట్టి, థయమిన్ అనే బీ1 విటమిన్ ఇచ్చి, కనిపెట్టుకుని ఉండే డాక్టరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక స్థితులూ మానసిక అనారోగ్యంలో భాగమే కనుక, అటువంటి రోగులను చేర్చుకునే సెంటర్ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. రోగిని గొలుసులతో కట్టేయడాన్ని కూడా అదే చట్టం నిషేధించింది. ఆ నమోదు పత్రం చూపమని అడిగే హక్కు డబ్బు కట్టే ఇంటివారికి ఉంది.

అడగడానికి మొహమాటమైతే ఆ కరపత్రం పట్టుకుని నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీకి వెళ్లి అక్కడి డాక్టరుకు చూపించవచ్చు, లేదా కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. అడ్వాన్సు కట్టకముందే ఈ పని చేయాలి.