ఒంటి చేత్తో, ఒంటరిగా: ఆరేళ్లుగా నేను వాడుతున్న సాధనాలు

స్ట్రోక్ వచ్చి నా ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పి ఆరేళ్లు దాటింది. ఇప్పుడు నాకు 72 ఏళ్లు. ఒక్కదాన్నే ఉంటాను. పిల్లలు తమ దగ్గరికి రమ్మంటారు కానీ నా ఇల్లు నాకు కావాలి. ఈ ఆరేళ్లలో పిల్లలు కొని పంపినవి, ఫిజియోథెరపిస్ట్ చెప్పినవి, నేనే వెతికి తెప్పించుకున్నవి ఎన్నో వస్తువులు ఇంట్లోకి వచ్చాయి. కొన్ని రోజూ చేతిలో ఉంటాయి, కొన్ని అటకెక్కాయి. ఇలాంటివాటి మీద నేను చదివిన సమీక్షలు చాలావరకు కొన్న వారానికే రాసినవి, అదీ అమ్మానాన్నల కోసం కొన్న పిల్లలు రాసినవి. వాటి మీద ఆధారపడి బతికే మనిషి రాసినవి పెద్దగా కనిపించలేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఏ వస్తువు వచ్చినా నేను చూసేది ఒక్కటే. దీనివల్ల నా పని నేను చేసుకోగలుగుతున్నానా, లేక నేను ఏం చేస్తున్నానో ఇంకొకరికి తెలుస్తోందా? రెండో రకం కూడా అవసరమే, కాదనను. కానీ మొదటి రకానికి పెట్టిన డబ్బు ఎప్పుడూ వృథా కాలేదు. రెండో రకం నాకు పనికొచ్చింది షరతులు నేను పెట్టినప్పుడే.

అన్నిటికంటే ముందు బాత్రూమ్ గోడకున్న గ్రాబ్ బార్ల గురించి, అంటే పట్టుకుని నిలబడే కడ్డీల గురించి చెప్పాలి. ఇంటికి ఒక్క వస్తువే కొనే స్తోమత ఉంటే అదే కొనమంటాను. బిగించడానికి వచ్చినతను తలుపు పక్కన కుడివైపు ఒకటి బిగించి, "ఒకటి చాలు కదమ్మా" అన్నాడు. లోపలికి వెళ్లేటప్పుడు అది నా కుడిచేతికి అందుతుంది. బయటికి వచ్చేటప్పుడు అదే బార్ ఎడమవైపు ఉంటుంది, ఆ చేతికి పట్టు లేదు. అతన్ని ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లి బయటికి రమ్మన్నాను. ఇంకేమీ చెప్పకుండానే ఎదుటివైపు రెండోది బిగించాడు. ఒక పక్క పడిపోయినవాళ్లకి ఏ బార్ అయినా జంటగా ఉండాలి, రాకకొకటి, పోకకొకటి. కమోడ్ దగ్గర మాత్రం మంచి చెయ్యి ఉన్న వైపు ఒక్కటున్నా సరిపోతుంది, అక్కడ కూర్చునేదీ లేచేదీ ఒకే దిక్కుకి కాబట్టి.

బిగింపు టైల్‌తో ఆగకూడదు. బోల్టు టైల్ దాటి వెనక ఉన్న ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. గోడ లోపల బోలుగా ఉంటే వెనక గట్టి చెక్క వేయించాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం గ్రాబ్ బార్ 250 పౌండ్ల బరువు, అంటే 113 కిలోలు ఆపాలి. మనిషి బరువు అంత లేకపోయినా, జారినప్పుడు పడే కుదుపు ఎక్కువ కాబట్టి ఆ లెక్క. టవల్ ఆరేసుకునే రాడ్డు ఇందుకు పనికిరాదు. రబ్బరు కప్పులతో గోడకి అతికించే బార్లు కూడా అంతే. మా అబ్బాయి ఒకటి పంపితే ముందు చేత్తో గుంజి చూశాను, తడి టైల్ మీంచి ఊడి వచ్చేసింది. మొత్తం బరువు వేసేచోట అలాంటిది వద్దు. లావు కూడా చూసుకోండి. 32 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య ఉంటే వేళ్లు చుట్టూ తిరిగి పట్టు దొరుకుతుంది. నున్నగా మెరిసేదానికంటే గరుకుగా ఉన్నది మేలు, సబ్బు చేతితో పట్టుకునేది అదే కదా.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు వాకర్ ఇచ్చారు. అది రెండు చేతులవాళ్లకి. నాకు పనికొచ్చింది నాలుగు కాళ్ల చేతికర్ర. బలహీనమైన కాలికి ఎదుటివైపు, అంటే నాకు కుడిచేత్తో పట్టుకోవాలి. చెయ్యి వదులుగా వేలాడదీస్తే మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రతో పాటు బలహీనమైన కాలు ముందు. ఇది ఫిజియో నాతో పాఠం లాగా అప్పజెప్పించింది, ఇప్పటికీ మెట్ల దగ్గర మనసులో అనుకుంటాను. కర్రతో ఒక ఇబ్బంది ఉంది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనవు, కర్ర ఊగుతుంది. ఇంట్లో బాగుంటుంది, బయట గతుకుల్లో నాకు భరోసా ఇవ్వదు. కింద రబ్బరు తొడుగులు అరిగి నున్నబడితే వెంటనే మార్చాలి. కర్ర ఎంత మంచిదైనా నేలని పట్టుకునేది ఆ రబ్బరే.

రాత్రి లేచినప్పుడు వెలిగే సెన్సర్ లైట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతేనంటారు. మనకి బాగానే ఉంది అనిపించే గది నిజానికి మన కళ్లకి చీకటిగదే. మంచం నుంచి బాత్రూమ్ దాకా చీలమండల ఎత్తులో పెట్టించుకోండి. పైన పెడితే ముఖాన కొడుతుంది, నేల కనపడదు.

ఇక చేతి గడియారం. పడిపోతే కనిపెట్టి ఫోన్ చేస్తుందని అందరూ అడిగేది దీని గురించే. ఆపిల్ వాచ్‌లో ఈ సౌకర్యం 2018లో వచ్చింది. గట్టిగా పడ్డాక సుమారు నిమిషం పాటు కదలిక లేకపోతే అదే ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తుంది. నాది వేరే కంపెనీది, పద్ధతి మాత్రం అలాంటిదే. లోపలున్న సెన్సర్లు ఒక పెద్ద కుదుపు, దాని తర్వాత నిశ్చలం కోసం చూస్తాయి. కాబట్టి దభాలున పడితే పట్టుకుంటుంది. ఒకసారి నాకు కళ్లు తిరిగి గోడకి ఆనుకుని మెల్లగా జారి కూలబడ్డాను. గడియారానికి తెలియలేదు. మరోసారి కుర్చీలో బరువుగా కూర్చుంటే "పడిపోయారా?" అని అడిగింది. ఇది లోపమని తిట్టను, అది చూసేది కుదుపునే కాబట్టి అంతే. అయితే ఆటోమేటిక్‌గా కనిపెడుతుంది కదా అని సాయం కోసం పిలిచే ఎస్ఓఎస్ బటన్ నొక్కడం నేర్చుకోకుండా ఉండొద్దు. జారి కూలబడిన రోజు నన్ను కాపాడింది ఆ బటనే.

ఏ చేతికి కట్టుకోవాలన్నది ఎవరూ చెప్పరు. కుడిచేతికి కట్టుకుంటే బటన్ నొక్కాల్సింది ఎడమచెయ్యి, అది నొక్కలేదు. అందుకని పట్టు లేని చేతికే కట్టుకుంటాను, మంచి చేత్తో నొక్కుతాను. ఇంతకీ ఒంటి చేత్తో బకిల్ పెట్టుకోవడం అసాధ్యం. సాగే పట్టీ గానీ వెల్క్రో పట్టీ గానీ విడిగా కొనుక్కోవాలి. ఛార్జింగ్ ఇంకో సమస్య. అందరూ రాత్రి పడుకునేటప్పుడు పెడతారు. నాలాంటివాళ్లు పడేది రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడే. నేను సాయంత్రం టీవీ ముందు కూర్చున్న గంటలో ఛార్జింగ్ పెట్టి, పడుకునే ముందు మళ్లీ కట్టుకుంటాను. స్నానానికి కూడా తియ్యను. నీళ్లు తట్టుకోని గడియారం ఈ పనికి కొనకండి.

పడటం కంటే, పడ్డాక లేవలేకపోవడం ప్రమాదం. గంటకి మించి నేల మీద ఉండిపోతే ఒంట్లో నీరు తగ్గొచ్చు, ఒత్తిడి పడినచోట పుండ్లు పడొచ్చు, నలిగిన కండరాల నుంచి రక్తంలోకి చేరేవి కిడ్నీలని దెబ్బతీయొచ్చు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం 90 ఏళ్లు దాటినవాళ్ల గురించి. పడిపోయి చాలాసేపు నేల మీదే ఉండిపోయినవాళ్లలో ఎక్కువమంది, అలారం అందుబాటులో ఉండి కూడా దాన్ని వాడలేదట. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. బటన్ నొక్కితే ఇంతమందిని పరుగులు పెట్టించాలి, తర్వాత "ఇక ఒక్కదానివే ఉండొద్దు" అంటారు. నొక్కేముందు ఆ భయం చేతిని ఆపుతుంది. అందుకే మా అమ్మాయి, అబ్బాయి ఇద్దరితోనూ ముందే మాట తీసుకున్నాను. నేను బటన్ నొక్కినందుకు నా ఇల్లు మార్చే సంగతి ఎత్తకూడదు. ఆ మాట ఇవ్వని ఇంట్లో ఎంత మంచి గడియారం కొన్నా వాడకం సగమే.

ఇంకొక సంగతి, ఇది ఏ డబ్బా మీదా రాసి ఉండదు. ఒకసారి నేను బటన్ నొక్కాను, అమ్మాయికి ఫోన్ మోగింది, ఆమె పక్కింటివాళ్లకి చెప్పింది, వాళ్లు పరుగున వచ్చారు. తలుపు లోపల గడియ వేసి ఉంది. పిలుపు అందినా మనిషి లోపలికి రాలేకపోతే ఏం లాభం? ఆ తర్వాత లోపలి గడియ తీయించి, బయటి నుంచి తాళంచెవితో తెరుచుకునే లాక్ పెట్టించాను. తాళంచెవి బయట నంబర్ పెట్టెలో ఉంటుంది, ఆ నంబర్ ముగ్గురికే తెలుసు. గడియారం కొనేవాళ్లు అదే రోజు తలుపు సంగతి చూసుకోవాలి.

మాత్రల పెట్టె నాకు మిశ్రమ అనుభవం. వేళకి పెట్టె లోపలి గిన్నె దానంతటదే తిరిగి ఆ పూట మాత్రలు బయటికి వస్తాయి, బీప్ మోగుతుంది. మాత్రల షీటు ఒంటి చేత్తో నొక్కి తీసే కష్టం తప్పింది, వారానికోసారి నింపడానికి సాయం తీసుకుంటే చాలు. కానీ బీప్ నాకు వినపడేది కాదు. వయసుతో ముందు పోయేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి, ఈ యంత్రాలు మోగేది అలాంటి శబ్దంతోనే. పొగ అలారాల విషయంలో ఇది ఎప్పుడో తేలింది. మామూలు అలారాలు 3000 హెర్ట్జ్ దగ్గర్లో మోగుతాయి, పడకగదుల కోసం 520 హెర్ట్జ్ మంద్ర శబ్దం మేలని అమెరికా నియమాల్లో చేర్చారు. మాత్రల పెట్టె కొనేముందు ఒకసారి మోగించి వినండి, లైటు కూడా వెలిగేదైతే ఇంకా మంచిది. మాత్ర తీసుకోకపోతే అమ్మాయికి మెసేజ్ వెళ్లేది. మొదట్లో ఐదు నిమిషాలు ఆలస్యమైనా "అమ్మా, మాత్ర వేసుకోలేదా?" అని ఫోన్ వచ్చేది. ఇప్పుడు గంట గడువు పెట్టించాను. గంటలోపు నా వ్యవహారం, గంట దాటితే తన వ్యవహారం. ఈ ఒప్పందం ఇద్దరికీ నచ్చింది.

మాటతో పనిచేసే స్పీకర్ నాకు ఇష్టం. లైటు వెయ్యి, ఫలానావాళ్లకి ఫోన్ చెయ్యి అంటే చేస్తుంది. చేతి నిండా కర్ర ఉన్నప్పుడు అది ఎంత హాయో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. స్ట్రోక్ తర్వాత సాయంత్రానికి అలసిపోయి నా మాట కాస్త ముద్దగా వస్తుంది, అప్పుడు దానికి అర్థం కాదు. కరెంటు పోయినా, ఇంటర్నెట్ పోయినా మూగబోతుంది. అందుకే అందే ఎత్తులో మామూలు స్విచ్ ఉంచుకున్నాను. ప్రమాదంలో దీన్ని నమ్ముకోవద్దు.

కెమెరా మాత్రం ఒప్పుకోలేదు. "పెట్టిస్తానమ్మా, మాకు టెన్షన్ తగ్గుతుంది" అంది అమ్మాయి. ఆమె ప్రేమ నాకు తెలుసు. కానీ నా ఇంట్లో నేను కూర్చునే తీరు, లేచే తీరు, జుట్టు ముడి వేసుకోలేక అవస్థపడే తీరు ఎవరో చూస్తున్నారన్న స్పృహతో బతకలేను. దాని బదులు వంటింట్లో చిన్న మోషన్ సెన్సర్ పెట్టించాం. ఉదయం మేం అనుకున్న వేళ దాటినా వంటింట్లో అలికిడి లేకపోతే మెసేజ్ వెళ్తుంది, అంతే. బొమ్మ లేదు, శబ్దం లేదు. నేను బాగున్నానన్న సంగతి తెలుస్తుంది, నేనేం చేస్తున్నానో తెలియదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణం, ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు మాకు ఉందంటుంది. ఎలా కనపడాలో ఎంచుకునే హక్కు కూడా అందులో భాగమేనని నేను అనుకుంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన 50 ముఖ్య సహాయక సాధనాల జాబితా చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. పడిపోతే కనిపెట్టే పరికరాలు అందులో ఉన్నాయి. చేతికర్ర, గ్రాబ్ బార్, స్నానాల కుర్చీ, మాత్రల డబ్బా కూడా వాటి సరసనే ఉన్నాయి. 2022లో యునిసెఫ్‌తో కలిసి ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా కనీసం ఒక సహాయక సాధనం కావాలని, కొన్ని దేశాల్లో కావలసినవాళ్లలో 3 శాతం మందికే అందుతోందని రాశారు. అందని ఆ 97 శాతంలో నేను ఉండి ఉంటే ఈపాటికి ఎవరి ఇంట్లోనో ఒక మూల మంచం మీద ఉండేదాన్ని. ఇది తలుచుకుంటే కోపం వస్తుంది. చేతికర్ర తయారు చెయ్యడానికి ఏ కొత్త పరిశోధనా అక్కర్లేదు.

వంటింట్లో కూరగాయలు తరుక్కోవడానికి మేకులున్న చెక్క వాడుతున్నాను. కూరగాయని మేకులకి గుచ్చితే కదలదు, కుడిచేత్తో తరుక్కోవచ్చు. కింద రబ్బరు షీటు వెయ్యాలి, లేకపోతే చెక్కే జారుతుంది. చాలా బాగుంది, కడిగేటప్పుడు మేకులు జాగ్రత్త.

ఇన్నాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడింది కుడిచేతి గోళ్లు తీసుకోవడానికి. ఎడమచేతివి నేనే తీసుకోగలను, కుడిచేతివి ఎవరు తియ్యాలి? చెక్కకి బిగించిన నెయిల్ కట్టర్ ఉంటుందని, కింద రబ్బరు కప్పులతో బల్లకి అతుక్కుంటుందని, పట్టు లేని చేతి మణికట్టుతోనో మోచేత్తోనో అదిమితే చాలని ఫిజియో చెప్పింది. క్లినిక్‌లో ఉన్నదాని మీద ప్రయత్నించాను, నా మణికట్టుకి ఆ బలం ఉంది. ఆర్డర్ పెట్టాను.