సౌత్ బెండ్ జూలో అడవి కుక్కల దగ్గర

చికాగో నుంచి సౌత్ బెండ్ 90 మైళ్లే. కానీ ఇండియానాలో దారి మధ్యలోనే టైమ్ ఒక గంట ముందుకు జరుగుతుంది. అది మరిచిపోయి మొదటిరోజు జూ మూసే వేళకు చేరాం. ఆ రాత్రి టోల్ రోడ్డు పక్కన ఒక మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది గానీ ఏసీ మోతకు అమ్మకు నిద్రే పట్టలేదు. పొద్దున టిఫిన్‌కి బ్రెడ్డు, సీరియల్ తప్ప ఏమీ లేవు. వెంట తెచ్చుకున్న పెరుగన్నమే ఆదుకుంది.

సౌత్ బెండ్‌లోని ఈ పోటవాటమీ జూ చిన్నది. చికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ జూలోలా కాళ్లు పడిపోయేలా నడవక్కర్లేదు. పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు దీనికే. చలికాలంలో మాత్రం మూసేస్తారు.

మేం వెళ్లింది ఆఫ్రికా అడవి కుక్కల కోసం. నలుపు, పసుపు, తెలుపు మచ్చలు, గుండ్రటి పెద్ద చెవులు. ఏ రెండింటి మచ్చలూ ఒకేలా ఉండవు. ఒకటి కంచె దగ్గరికొచ్చి నిలబడింది. ముందుకాలికి నాలుగే వేళ్లు! మామూలు కుక్కకైతే ఐదుంటాయి. అమ్మది విశాఖ. "మన జూలో రేసుకుక్కల్ని కూడా ఇలాగే పెంచుతున్నారు కదరా" అంది. రేసుకుక్కంటే మన అడవుల్లో ఉండే ఎర్ర అడవి కుక్క. నిజమే, జాతి వేరైనా అంతరించిపోయే ముప్పు రెండింటికీ ఉంది.

2021లో ఇక్కడ పుట్టిన పిల్లల్ని తల్లి సరిగ్గా చూసుకోలేదు. కొన్ని చనిపోయాయి. మిగిలినవాటికి పాలిచ్చింది ఒక గోల్డెన్ రిట్రీవర్. మూడు బతికాయి. సీసా పాలతో పెంచొచ్చు కదా అనిపిస్తుంది. కానీ మనిషి చేతుల్లో పెరిగిన పిల్లకి గుంపులో ఎలా మెలగాలో తెలియదు. ఈ కుక్కలకి గుంపే ప్రాణం. అడవిలో సాధారణంగా ఒక్క జంటే పిల్లల్ని కంటుంది, మిగతావన్నీ వేటాడి తిన్న మాంసం కక్కి ఆ పిల్లలకి పెడతాయి. జూలో వైద్యం కోసం ఒకదాన్ని కొన్నాళ్లు వేరుచేసినా, తిరిగి వచ్చాక మిగతావి దాన్ని రానివ్వకపోవచ్చు. అడవుల్లో ఇవి 6,600 దాకా మిగిలాయని 2012 నాటి అంచనా. అందుకే ఏ మగదాన్ని ఏ జూకి పంపాలో కూడా వంశం చూసి, అమెరికాలోని గుర్తింపు పొందిన జూలు కలిసి నిర్ణయించుకుంటాయి.

"పెంపుడు కుక్క పాలిచ్చిందా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. తర్వాత అరగంట అక్కడి నుంచి కదల్లేదు.